పిత్సికా మోతకు తాంబురెల్లో కావాలి: నెల్లూరు దగ్గరే చేయించుకోవచ్చా?

కావలి కంజీర:

అన్నలూ, అక్కలూ, ఒక సాయం. ఇటలీ దక్షిణపు కొసన సలెంతో అనే ప్రాంతం ఉంది గదా, అక్కడి పిత్సికా అనే నాట్యపు పాటలను గిటారు, బేస్ లాంటివి చేర్చి వాయించే బృందాల పద్ధతిలో సంక్రాంతి కార్యక్రమానికి ఏడు నిమిషాల ఐటమ్ తయారుచేస్తున్నాం. జట్టులో ఒక కంజీర, రెండు డప్పులు, హార్మోనియం, గిటారు, పాడేవాళ్ళు నలుగురు.

కంజీరతో ఎంత వాయించినా అక్కడి తాంబురెల్లో, అంటే చుట్టూ బిళ్ళలున్న చేతి డప్పు, గలగల రావడం లేదు. తిశ్రంలోనే (మూడేసి దెబ్బల నడకలోనే) పడుతున్నా పాటకు ఊపు రాక బ్యాండు మేళం కవాతులా ఉంటోంది. తాంబురెల్లో బయటి నుంచి తెప్పించుకునే స్తోమతు లేదు. ఇక్కడ డప్పులు కట్టేవాళ్ళ చేత చేయించుకుంటే పని జరుగుతుందా? కొలతలు ఎవరన్నా చెప్పగలరా? రిహార్సల్సంతా నవంబరు, డిసెంబరుల్లోనే. ఆ వానల్లో తోలు నిలుస్తుందా అన్నది కూడా చెప్పండి.

పామూరు డప్పు:

తమ్ముడూ, కంజీరలో ఆ మోత లేదు, చేతిలో లోపమేం లేదు. కంజీర పనసచెక్కలో తొలిచిన చిన్న వలయం, అడ్డకొలత 7 నుంచి 9 అంగుళాలు, ఒకటే కంత, అందులో మూడో నాలుగో బిళ్ళలు. పిత్సికాకు వాడే తాంబురెల్లో దాదాపు 30 సెంటీమీటర్లు, చుట్టూ రెండు వరసల్లో రేకుబిళ్ళలు. పైగా కంజీరకు ఉడుముతోలు వేసేవాళ్ళు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం, ఆ జోలికి పోవద్దు. మీకు కావాల్సింది మేకతోలే. డప్పు కట్టే మనిషికి సగం పని ఇప్పటికే వచ్చు, మిగతా సగం చట్రం, బిళ్ళలు.

చట్రం సంగతి ముందు. అక్కడి పల్లెల్లో జల్లెడ చట్రాలనే వాద్యాలకు వాడుకునేవాళ్ళు. ఇక్కడ అంత లోతున్న జల్లెడ దొరకడం కష్టం కాబట్టి ప్లైవుడ్డే దారి. 2 మి.మీ. ప్లైని 7 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలుగా కోయించండి. పైపొర రేఖలు పట్టీకి అడ్డంగా ఉండాలి, పొడుగునా ఉంటే వంచేటప్పుడు పటుక్కున విరుగుతుంది. 28 సెంటీమీటర్ల పైచిలుకు అడ్డకొలత ఉన్న స్టీలు డబ్బాను అచ్చుగా పెట్టుకుని, నాలుగు పట్టీలు ఒకదాని మీద ఒకటి చుట్టి జిగురుతో అంటించండి. మందం 8 మి.మీ. వస్తుంది. నాలుగు అతుకులూ నాలుగు దిక్కులకు పడాలి. అన్నీ ఒకచోటే పడితే తోలు ఆరి బిగిసిన రోజు చట్రం అక్కడే విచ్చుకుంటుంది. చుట్టూ సైకిల్ ట్యూబు లాగి కట్టి ఒక రోజంతా వదిలేయండి.

కంతల లెక్క ఇది. 30 సెంటీమీటర్ల చట్రానికి చుట్టుకొలత 94. పట్టుకోవడానికి 15 సెంటీమీటర్లు కంతలు లేకుండా వదిలితే 79 మిగులుతుంది. అందులో 6 సెంటీమీటర్ల కంతలు ఎనిమిది, మధ్య మధ్య మూడున్నర సెంటీమీటర్ల లోపు ఎడం. ఇలాంటి వరసలు రెండు. తోలు వైపు అంచు నుంచి 2 సెంటీమీటర్లు వదిలి మొదటి వరస, ఎత్తు 12 మి.మీ., మళ్ళీ 12 మి.మీ. చెక్క, తర్వాత రెండో వరస. తోలు లేని వైపు నుంచి 2 మి.మీ. బిట్టుతో నిలువుగా తొలిచి, ఒకే సైకిల్ స్పోకు ముక్కను రెండు కంతల్లోనుంచి దించేయొచ్చు. చట్రం మందం 6 మి.మీ. కంటే తగ్గితే ఈ తొలిచేచోటే చెక్క చీలుతుంది. అందుకే 8 అన్నాను.

తోలు కట్టే వైపు బయటి అంచును ఉప్పుకాగితంతో గుండ్రంగా రుద్దాలి. మొనగా వదిలితే ఎండాకాలంలో తోలు అక్కడే తెగుతుంది. తోలు పలుచగా ఉండాలి, అర మిల్లీమీటరు దాటొద్దు. మామూలు డప్పుకు వేసే ముదురు తోలు వేస్తే వేలికొసల దెబ్బ పలకదు. చన్నీళ్ళలో రెండు మూడు గంటలు నానబెట్టండి. వేడినీళ్ళు పోస్తే తోలు ముడుచుకుని పాడైపోతుంది. వెన్ను గీత సరిగ్గా నడిమికి రావాలి, లేకపోతే ఒక పక్క బిగువు, ఒక పక్క వదులు. 40 సెంటీమీటర్ల గుండ్రం కోసి, చింతపిక్కల జిగురు పూసి, ఎదురెదురు దిక్కులు లాగుతూ చిన్న మేకులు కొట్టాలి. తడి తోలును ముడతలు పోయేంత వరకే లాగాలి. మిగతా బిగువు ఆరేటప్పుడు అదే తెచ్చుకుంటుంది. బలమంతా పెట్టి లాగితే చట్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. నీడలో రెండు రోజులు, ఫ్యాను కూడా వద్దు.

మైపాడు గాలి:

పామూరు అన్న చెప్పిన కొలతలకు తిరుగులేదు. బిళ్ళల గురించి నేను చెప్తాను, ఎందుకంటే సగం వాద్యాలు అక్కడే చెడతాయి.

చెక్కభజన చిడతల్లోని ఇత్తడి బిళ్ళలు పెడదామని ఎవరికైనా అనిపిస్తుంది. పెట్టొద్దు. ఇత్తడి మోగి మోగి ఆగదు. పిత్సికాలో ఒక్కో మాత్రకు, అంటే తాళపు ఒక్కో లెక్కకు, మూడు దెబ్బలు పడతాయి, ముందు దెబ్బ మోత తర్వాతి దెబ్బ మీదికి పారితే మూడూ కలిసి ఒకటే రొద. సలెంతోలో పాత డబ్బాల రేకు వాడారంటే పేదరికం ఒక కారణమే, కానీ ఆ పొడి చప్పుడే లయను విడదీసి వినిపిస్తుంది. నూనె డబ్బా రేకు సరిగ్గా పనికొస్తుంది. కూల్‌డ్రింక్ టిన్నులది అల్యూమినియం, చచ్చు చప్పుడు.

రేకును 4.5 నుంచి 5 సెంటీమీటర్ల బిళ్ళలుగా కత్తిరించి, నడిమిన 3 మి.మీ. బెజ్జం వేయండి. స్పోకు 2 మి.మీ., బెజ్జం 3 ఉంటేనే బిళ్ళ ఆడుతుంది. ఒక చెక్కదిమ్మలో కొద్దిగా గుంట తవ్వి, బిళ్ళను అందులో పెట్టి గుండ్రటి సుత్తితో నడిమిన తట్టి లోతు తెప్పించండి. జతలోని రెండు బిళ్ళల గుంటలూ ఎదురుబొదురుగా ఉండాలి, అప్పుడు అంచుకు అంచు తగులుతుంది. రెండూ చదునుగా వదిలేస్తే అతుక్కుని చప్ చప్‌మంటాయి. అంచులు ఆకురాయితో రుద్దడం మానేస్తే మొదటి రోజే చేతికి కోత. కంతకు ఒక జత, మొత్తం 16 జతలు.

ఇక మీరడిగిన వానల సంగతి. ఈశాన్య రుతుపవనాల్లో నెల్లూరు తీరంలో పలుచటి మేకతోలు గంటలో సడలుతుంది. డప్పులాగా మంట దగ్గర కాచుకోవచ్చు గానీ పలుచటి తోలు కదా, ఒక్క నిమిషం ఏమరుపాటుకు కమిలిపోతుంది. తోలుకు జానెడు దూరంలో మీ చెయ్యి పెట్టి చూడండి, చెయ్యి ఓర్చుకునే వేడే తోలుకూ హద్దు. స్టేజీ పక్కన 100 వాట్ల పాతకాలపు బల్బు గానీ హెయిర్ డ్రయ్యర్ గానీ మేలు. వాద్యాన్ని తిప్పుతూ ఉండాలి, ఒకేచోట వేడి తగిలితే అక్కడే చీలుతుంది. కంజీరకు అలవాటైనవాళ్ళు లోపల నీళ్ళు చిలకరిస్తారు, దీనికి అది పూర్తిగా మానుకోవాలి.

నన్నడిగితే రెండోది ఒకటి సింథటిక్ తోలుతో, అంటే డ్రమ్ములకు వేసే ప్లాస్టిక్ పొరతో, చేయించి పెట్టుకోండి. నాదంలో వెచ్చదనం తగ్గుతుంది, ఒప్పుకుంటాను. వాన రోజున కార్యక్రమం ఆగకుండా కాపాడేది అదే.

పామూరు డప్పు:

సింథటిక్ వద్దనను. కానీ ఈ చట్రానికి అది జిగురుతో నిలవదు, బోల్టులు, రింగు కావాలి. బరువు పెరుగుతుంది. మేకతోలుది 600 గ్రాముల దగ్గర ఉంటే బోల్టులది కిలోకు చేరుతుంది, ఏడు నిమిషాలు ఎడమచేత్తో ఎత్తిపట్టుకోవాలి మరి. అదే ఖర్చుకు మేకతోలువి రెండు కట్టించుకుని, ఒకటి వాయిస్తుంటే ఒకటి బల్బు దగ్గర పెట్టుకోవడం నయం.

ఒంగోలు లయ:

కవాతులా ఉందన్నారు గదా, దాని గురించి.

పిత్సికా 6/8 లేదా 12/8లో రాస్తారు. మన లెక్కలో నాలుగు మాత్రలు, ఒక్కోదానికి తకిట. ఇంతవరకూ మీరు సరిగ్గానే ఉన్నారు. తేడా ఎక్కడంటే, త, కి, ట మూడింటికీ మీరు ఒకే బరువు ఇస్తున్నారు, లేదా త మీద మోది మిగతావి వదిలేస్తున్నారు. పిత్సికాలో త బరువుగా, కి తేలిగ్గా, ట మళ్ళీ కొంచెం గట్టిగా. ఆ ట తర్వాతి త లోకి తోసుకెళ్తుంది. నాట్యగాళ్ళ పాదం లేచేది కూడా ఆ తోపు మీదే.

పట్టు ఇలా. చట్రాన్ని నిలువుగా, కంతలు లేని భాగం అడుగుకు వచ్చేలా ఎడమచేత్తో పట్టుకోండి. తోలు కుడిచేతి వైపు. మోచేయి ఒంటికి దగ్గరగా ఉంటే భుజం నొప్పి రాదు. కుడిచేతికి మొదటి దెబ్బ బొటనవేలి పక్క కండతో, తోలు కింది సగంలో. రెండోది వేళ్ళు నాలుగూ కలిపి కొసలతో, పై అంచుకు దగ్గర్లో. మూడోది అరచేతి మడమతో. మణికట్టు తిరగాలి, ముంజేయి పైకీ కిందికీ ఊగకూడదు. ఊరూరికీ, గురువు గురువుకీ ఈ వరస కొంత మారుతుంది, వీడియోల్లో వేరేగా కనిపిస్తే కంగారుపడొద్దు. ఒకటి ఎంచుకుని దాన్నే సాధన చేయండి.

కంజీర చేతికి ఇంకో అలవాటు ఉంటుంది. ఎడమచేతి వేళ్ళతో తోలును నొక్కి శ్రుతి వంచడం. ఇక్కడ ఎడమచేతి పని వేరు. ప్రతి త దగ్గర వాద్యాన్ని రెండు మూడు సెంటీమీటర్లు కుడిచేతికి ఎదురు తీసుకురావాలి. అప్పుడు బిళ్ళలు దెబ్బతోపాటే మోగుతాయి. ఎడమచెయ్యి బిర్రబిగుసుకుని ఉంటే బిళ్ళలు ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా మోగి మొత్తం లయ వెనక్కి లాగినట్టుంటుంది.

మెట్రోనోమ్‌ను (వేగం చూపే టిక్‌టిక్ యంత్రాన్ని) మాత్రకు పెట్టుకుని నిమిషానికి 60 దగ్గర మొదలుపెట్టండి. అక్కడ మూడు దెబ్బలూ విడివిడిగా వినపడితేనే 80, తర్వాత 100. స్టేజీకి 115 చాలు. వేగం పెంచగానే చెయ్యి కి ని మింగేస్తుంది, అప్పుడది తకిట పోయి పొడుగు-పొట్టి, పొడుగు-పొట్టి అయిపోతుంది. మీకు కవాతులా వినిపిస్తున్నది అదే అయ్యుండాలి. మందు ఏమిటంటే తోలును అసలు కొట్టకుండా బిళ్ళలతో మాత్రమే తకిట వాయించడం. కి లేకపోతే అక్కడ వెంటనే దొరికిపోతుంది.

ఉంగరాలు తీసేయండి. బొటనవేలి పక్కన చర్మం మొదట్లో ఎర్రబడుతుంది. పొక్కు వస్తే ఆ రోజుకు ఆపేయాలి. అక్కడి తొర్రెపాదూలి ఊళ్ళో సాన్ రొక్కో పండగకు ఆగస్టు 15 రాత్రి నుంచి తెల్లారేదాకా గుండ్రంగా నిలబడి వాయిస్తారు. చేతులు చిట్లి తోలు మీద రక్తపు మరకలు పడటం వాళ్ళకు కొత్త కాదు. అది ఏళ్ళ తరబడి రాటుదేలిన చేతులవాళ్ళ సంగతి, మొదటి నెలలో దాన్ని ఆదర్శంగా పెట్టుకోవద్దు.

కావలి కంజీర:

చాలా థాంక్స్ అన్నా, కి మింగేయడం అన్నది అచ్చం మా జబ్బే. రెండు ప్రశ్నలు మిగిలాయి. డప్పులను ఏం చేయాలి? హార్మోనియం, గిటారు ఎలా వాయిస్తే ఆ రంగు వస్తుంది? నడుమ నేపుల్స్ వైపు తమ్ముర్రియాతా కూడా ఒక రెండు నిమిషాలు కలుపుదామని కొందరంటున్నారు.

కందుకూరు శృతి:

తమ్ముర్రియాతాను పిత్సికా నడుమ చొప్పించకండి బాబూ. అది నేపుల్స్ ఉన్న కంపానియా ప్రాంతానిది, నడక రెండు లెక్క, తకధిమి దారి. వాద్యం కూడా పెద్దది, తమ్మొర్రా అంటారు, 40 సెంటీమీటర్లు దాటుతుంది, చప్పుడు బరువు. తిశ్రంలో ఊగుతున్న జట్టు ఉన్నట్టుండి చతురశ్రంలోకి దూకితే నాట్యగాళ్ళ కాలు తప్పుతుంది. దాని పాటల్లో చాలాచోట్ల ప్రతిమధ్యమం (హెచ్చు శ్రుతి 'మ') గట్టిగా పలుకుతుంది, గొంతు కూడా వేరేగా తెరవాలి. చేస్తే పూర్తిగా ఆపి, వేరే ఐటమ్‌గా చేయండి.

డప్పుల్లో ఒకదాన్ని పూర్తిగా పక్కన పెట్టండి. రెండోదాన్ని సిర్రతో మాత్రల మొదటి దెబ్బ మీద మాత్రమే వేయించండి, సిటికెన పుల్ల అప్పుడప్పుడూ ట మీద. డప్పు కూడా తకిట అంతా వాయిస్తే తాంబురెల్లో మునిగిపోతుంది. ఇప్పటి ఇటలీ బృందాల్లో బేస్, డ్రమ్స్, ఎలక్ట్రానిక్ చప్పుళ్ళు ఉన్నా అవి పెద్ద మాత్రల్నే పట్టుకుంటాయి, లోపలి మూడు దెబ్బలూ తాంబురెల్లోకే వదిలేస్తాయి. నా దృష్టిలో ఈ సంగీతంలో కొత్తదనం నిలిచిందీ పడిపోయిందీ ఈ ఒక్క విషయం మీదే. తాంబురెల్లోను అలంకారంగా చేసి డ్రమ్ కిట్టుకు పెత్తనం ఇచ్చిన రికార్డింగులు రెండోసారి వినాలనిపించవు.

గిటారుకు ఒక కిటుకు ఉంది. అక్కడ కితార్రా బత్తెంతె అని తీగలన్నీ పలుచగా, జంటలుగా ఉండే గిటారు వాడతారు, దానికి మంద్రస్వరాలు ఉండవు. మీ గిటారుకు 12 తీగల సెట్టు ఒకటి కొని, అందులోని పలుచటి తీగలు మాత్రమే ఎక్కించండి: మామూలుగా అన్నిటికంటే సన్నతీగ ఉండే చోటు నుంచి వరసగా .010, .014, .009, .012, .018, .027 అంగుళాలు. లావు తీగల వైపు నాలుగూ ఒక స్థాయి పైన పలుకుతాయి. చేతిని ఆపకుండా తకిటగా మీటితే బత్తెంతె పోలికలు బాగానే వస్తాయి. మామూలు లావు తీగలతో మీటితే డప్పుతో కొట్లాడుతుంది.

హార్మోనియం అక్కడి ఒర్గనెత్తో చోటు తీసుకోవాలి. ఒర్గనెత్తో బటన్ల వాద్యం, తిత్తిని నెట్టినప్పుడు ఒక స్వరం, లాగినప్పుడు ఇంకో స్వరం. అందుకే దానికి సహజంగా కుదుపు ఉంటుంది. మన హార్మోనియంలో గాలి ఒకే తీరున పోతుంది కాబట్టి ఆ కుదుపు వేళ్ళతో తేవాలి. కప్లర్ (ఒక మెట్టు నొక్కితే పక్క స్థాయి మెట్టును కూడా నొక్కే అమరిక) తీసేయండి, ఒకే వరస రీడ్లు ఉంచండి, గమకాలు వద్దు, ప్రతి స్వరానికీ వేలు లేపండి. తిత్తిని నింపి పెట్టుకోకుండా మాత్రకొక చిన్న తోపు. నేర్చుకునే పాటల్లో ఎక్కువ రెండు మూడు కార్డుల (కలిపి మోగించే స్వరాల గుంపుల) మీదే నడుస్తాయి, అంతకంటే కలపాలన్న ఆశ చంపుకోవాలి.

పాడేవాళ్ళకు ఒక మంచి మాట. సలెంతో మాండలికంలో మన 'డ్డ' లాగా నాలుక మడిచి పలికే ధ్వని ఉంది. మనవాళ్ళకు అది పుట్టుకతో వచ్చిన ధ్వని, మెత్తబరచకుండా పలకండి. కొన్ని పాటలు గ్రీకోలో ఉంటాయి, మెల్పిన్యానో, కలిమెరా, స్తెర్నాతియా చుట్టుపక్కల ఊళ్ళలో మిగిలిన గ్రీకు మాండలికం అది. వాటిని మాండలికం పాటల యాసలో పాడేస్తే తప్పు.

వినడానికి: సలెంతోకు కన్జొనియెరె గ్రెకానికో సలెంతీనో. 1975లో రచయిత్రి రీనా దురాంతె మొదలుపెట్టిన బృందం, 2007 నుంచి మౌరో దురాంతె నడిపిస్తున్నాడు, వయొలిన్, తాంబురెల్లో రెండూ ఆయనవే. పాతదీ కొత్తదీ ఎక్కడ అతుకుతాయో వాళ్ళ దగ్గర స్పష్టంగా వినపడుతుంది. ఒఫిచీనా జోయె అనే బృందం మరింత పచ్చిగా ఉంటుంది, చేతి సాధనకు అదే మేలు. కంపానియా వైపు 1960ల చివర్లో నేపుల్స్‌లో మొదలైన నువొవా కొంపన్యియా ది కాంతో పొపొలారె, 1974లో పొమిల్యానోలో ఫ్యాక్టరీ కార్మికులు పెట్టుకున్న ఎ జెజి. మెల్పిన్యానోలో 1998 నుంచి ఏటా ఆగస్టులో జరిగే తరాంతా రాత్రి కచేరీకి ఏడాదికొక సంగీత దర్శకుణ్ణి పిలుస్తారు, 2003లో స్టువర్ట్ కోప్‌లాండ్, 2010, 2011లలో లుదోవికో ఐనౌది. ఒకే పాట దర్శకుడు మారితే ఎంత మారుతుందో పోల్చుకోవడానికి ఆ రికార్డింగులు పనికొస్తాయి.

ఇంకొకటి, ఇది గట్టిగానే చెప్తున్నాను. పిత్సికాలో సరసపు నాట్యం ఉంది, కత్తిసామును పోలిన మగవాళ్ళ నాట్యం ఉంది, తరాంతా సాలీడు కరిచిందని నమ్మి రోగికి నయమయ్యేదాకా వాయించే వైద్యపు మోత కూడా ఉంది. 1959లో మానవశాస్త్రవేత్త ఎర్నెస్తో దె మార్తీనో బృందం అక్కడికి వెళ్ళి అలాంటి ఇళ్ళలో కూర్చుని రాసుకుంది, సంగీతం పక్క దియేగో కర్పితెల్లా చూశాడు. నార్దో ఊళ్ళో మంగలి పని చేసే లూయిజి స్తీఫాని వయొలిన్‌తో ఆ వైద్యం చేసేవాడు. కరిచిందన్న వాళ్ళు ఎక్కువగా పొలాల్లో కూలి చేసే ఆడవాళ్ళు. జూన్ 29న గలతీనాలో సెయింట్ పాల్ గుడికి వెళ్ళేవాళ్ళు. మన జాతరలో పూనకం వచ్చిన మనిషిని స్టేజీ మీద వెక్కిరించం గదా. జుట్టు విరబోసుకుని నేల మీద దొర్లే సీను మీ ఐటమ్‌లో పెట్టకండి. సరసపు నాట్యం పెట్టుకోండి, చేతిలో రుమాలుతో ఎంతో అందంగా ఉంటుంది.

మైపాడు గాలి:

శృతి గారి మాట నిజం. అదనంగా మైకు సంగతి. తాంబురెల్లోకు రెండు మైకులు దొరికితే ఒకటి తోలు లేని వెనక వైపు అడుగు దూరంలో, బరువు దెబ్బకు. ఇంకొకటి పక్కన, బిళ్ళలకు, జానెడున్నర దూరంలో. ఒకటే ఉంటే వెనకదే ఉంచండి, బిళ్ళలు ఎలాగూ వినపడతాయి.

ఒంగోలు లయ:

మన పండగ స్టేజీల్లో సౌండ్ వాళ్ళు అడగకముందే ఎకో పెడతారు. 115 వేగంలో దెబ్బకూ దెబ్బకూ మధ్య 174 మిల్లీసెకన్లే ఉంటుంది. 300 దగ్గర పెట్టిన ఎకో రెండో దెబ్బకూ మూడో దెబ్బకూ నడుమ ఎక్కడో వచ్చి పడి తకిటను చెరిపేస్తుంది. తాంబురెల్లో, గిటారు ఛానెళ్ళలో ఎకో పూర్తిగా తీసేయమని సౌండ్ చెక్ అప్పుడే చెప్పండి. గొంతులకు కాస్త ఉంచుకోవచ్చు. మానిటర్‌లో (స్టేజీ మీది వాళ్ళ వైపు తిప్పిన స్పీకరులో) పాడేవాళ్ళకు తాంబురెల్లోనే ఎక్కువ ఇప్పించండి, హార్మోనియం కంటే. వాళ్ళు దాని ట ను వింటూ పాడితే వేగం పరిగెత్తదు.

పామూరు డప్పు:

చట్రం కట్టాక తోలు వేయకముందు ఒకసారి ఊపి చూడండి. ఏదైనా బిళ్ళ ఇరుక్కుంటే ఆ స్పోకు అప్పుడైతే సులువుగా లాగొచ్చు. స్పోకు కిందికి జారకుండా కొసను కొద్దిగా వంచి చెక్కలోకి తట్టండి. జిగురు మాత్రం పెట్టొద్దు, రేపు బిళ్ళ మార్చాల్సి వస్తుంది.